రైల్లో కూర్చుని ఫోన్‌తో షాపు సర్వర్ లాక్ తీశా.. మీకూ కుదరాలంటే ఇవి ముందే సెట్ చేసుకోండి

గత నెల 20వ తేదీ, సాయంత్రం 7 దాటింది. విశాఖ వెళ్లే రైల్లో ఉన్నా, ఖమ్మం ఇంకా రాలేదు. గుంటూరు నుంచి మా మావయ్య ఫోన్. "ఒరేయ్ అబ్బాయ్, సర్వర్‌కి తాళం పడిందిరా. ఆడిటర్ గారు లెక్కల కోసం కూర్చున్నారు" అన్నాడు.

మావయ్యది మందుల హోల్‌సేల్ షాపు. సర్వర్ అంటే పెద్దదేం కాదు, కౌంటర్ కింద ఉండే విండోస్ 11 ప్రో పీసీ. బిల్లింగ్ డేటా అంతా అందులోనే. రోజూ దాన్ని చూసే ఆవిడ కూతురి పెళ్లికని సెలవులో ఉన్నారు. కొత్త కుర్రాడు తోచిన పాస్‌వర్డ్‌లన్నీ కొట్టేసరికి అకౌంట్ లాక్ అయింది. జీఎస్‌టీఆర్-3బీకి ఆ రాత్రే గడువు. దాటితే రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, కట్టాల్సిన పన్నుపై 18 శాతం వడ్డీ.

పాస్‌వర్డ్ నాకు తెలుసు. కానీ బోగీలో అందరికీ వినపడేలా ఒక్కో అక్షరం చెప్పడం నాకు ఇష్టం లేదు. అందుకే ఫోన్ తీశా.

లాక్ పడేది అకౌంట్‌కే, పీసీకి కాదు

చాలామందికి తెలియని విషయం ఇదే. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన విండోస్ 11లో 22హెచ్2 వెర్షన్ నుంచి, 10 సార్లు తప్పు పాస్‌వర్డ్ కొడితే ఆ అకౌంట్ 10 నిమిషాలు లాక్ అవుతుంది. ఆగితే దానంతటదే తెరుచుకుంటుంది. కానీ మనవాడు ఆగితేగా! అదే పీసీలో ఉన్న రెండో అకౌంట్‌కు మాత్రం ఏమీ కాదు. ఇలాంటి రోజు కోసమే వేరే పాస్‌వర్డ్‌తో ఇంకో అడ్మిన్ అకౌంట్ పెట్టి ఉంచా.

ఫోన్‌లో ముందు వీపీఎన్ ఆన్ చేసి, మైక్రోసాఫ్ట్ వారి రిమోట్ డెస్క్‌టాప్ యాప్‌తో ఆ రెండో అకౌంట్‌లోకి వెళ్లా. కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో లోకల్ యూజర్స్ తెరిచి, బిల్లింగ్ అకౌంట్ ప్రాపర్టీస్‌లో 'అకౌంట్ ఈజ్ లాక్డ్ అవుట్' దగ్గరున్న టిక్ తీసేశా. లాక్ పోయింది. మధ్యలో సిగ్నల్ రెండుసార్లు పోయింది. అయినా భయం లేదు. కనెక్షన్ తెగినా అక్కడి సెషన్ అలాగే ఉంటుంది, మళ్లీ కనెక్ట్ అయితే వదిలిన చోటే తెరుచుకుంటుంది.

అసలు చిక్కు ఇక్కడే

తర్వాత సైన్ అవుట్ చేసి బిల్లింగ్ అకౌంట్‌తో లాగిన్ అయ్యా. నా ఫోన్‌లో డెస్క్‌టాప్ కనిపిస్తోంది, షాపులో మాత్రం లాక్ స్క్రీనే! రిమోట్ డెస్క్‌టాప్ పనితీరే అంత. మనం లోపలికి వెళ్తే అక్కడి మానిటర్ లాక్ అవుతుంది, బయటికొచ్చినా లాక్‌లోనే ఉంటుంది. భద్రతకు మంచిదే, ఆ రోజు మాకు మాత్రం అడ్డొచ్చింది.

దీనికి విండోస్‌లోనే 'టీఎస్‌కాన్' అనే కమాండ్ ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, టీఎస్‌కాన్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, రెండు పర్సెంట్ గుర్తుల మధ్య సెషన్‌నేమ్ అని కలిపి రాసి, మళ్లీ స్పేస్ ఇచ్చి, స్లాష్ డెస్ట్ కోలన్ కన్సోల్ అని కొట్టాలి. ఎంటర్ నొక్కగానే నా ఫోన్‌లో కనెక్షన్ తెగింది. అదే క్షణంలో ఫోన్‌లో మావయ్య గొంతు: "ఆఁ, వచ్చిందిరా!" తెరిచి ఉన్న సెషన్ అలాగే షాపు మానిటర్ మీదికి వెళ్లిపోయింది.

ఒక్క హెచ్చరిక. ఇలా చేస్తే అక్కడ ఎవరు కూర్చుంటే వాళ్ల చేతిలోకి పీసీ వెళ్తుంది. అందుకే మావయ్యను పక్కనే ఉండమన్నా. రిపోర్ట్ తీయడం అవగానే విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కించా. రిటర్న్ ఆ రాత్రే ఫైల్ అయింది.

ఫోన్‌లో వాడకం ఎలా ఉంది?

రోజూ పని చేసుకునేంత హాయిగా లేదు, అత్యవసరానికి సరిపోతుంది. ఫోన్ అడ్డంగా తిప్పి, టచ్ బదులు మౌస్ పాయింటర్ మోడ్ పెట్టుకోండి, చిన్న టిక్ బాక్సులు కూడా గురి తప్పవు. తెలుగు కీబోర్డ్ వాడేవాళ్లు లాగిన్‌కు ముందే ఇంగ్లిష్‌కు మార్చుకోండి. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కావాలంటే రిమోట్‌లో డిలీట్ బదులు ఎండ్ నొక్కాలి.

ముందే చేసి పెట్టుకోవాల్సినవి

• విండోస్ హోమ్‌లోకి ఇలా కనెక్ట్ అవ్వడం కుదరదు, ప్రో కావాలి. హోమ్ ఉన్నవాళ్లు క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ వాడొచ్చు. అది అక్కడి స్క్రీన్‌నే చూపిస్తుంది కాబట్టి టీఎస్‌కాన్ అవసరమే రాదు. ఆ రోజు తర్వాత షాపులో దాన్ని కూడా పెట్టేశా.

• రెండో అడ్మిన్ అకౌంట్ తప్పనిసరి. రిమోట్ లాగిన్‌కు విండోస్ హలో పిన్ కాదు, అసలు పాస్‌వర్డ్ గుర్తుండాలి.

• రౌటర్‌లో 3389 పోర్ట్‌ను ఇంటర్నెట్‌కు తెరవొద్దు. 2019లో బయటపడ్డ బ్లూకీప్ లోపం ఎంత ప్రమాదకరమంటే, ఎప్పుడో వదిలేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది. టెయిల్‌స్కేల్, వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ ద్వారానే వెళ్లండి.

• బూట్ అయ్యేటప్పుడు బిట్‌లాకర్ పిన్ అడిగే పీసీ అయితే దూరం నుంచి రీస్టార్ట్ చేయకండి. విండోస్ లోడ్ కాకముందు రిమోట్ డెస్క్‌టాప్ పనిచేయదు.

• తెలియనివాళ్లు ఫోన్ చేసి రిమోట్ యాప్ వేసుకోమంటే వెంటనే కట్ చేయండి. 2019 ఫిబ్రవరిలోనే ఆర్‌బీఐ ఇలాంటి మోసాలపై హెచ్చరించింది.

ఇవన్నీ సెట్ చేయడానికి నాకు ఓ ఆదివారం మధ్యాహ్నం పట్టింది. అప్పుడు మావయ్య "ఇంత హడావుడి ఎందుకురా" అన్నాడు. ఇప్పుడు ఆ మాట ఎత్తడం లేదు.