ఆఫ్‌సెట్టా, డిజిటలా? అండమాన్‌లో తేమనూ లెక్కలోకి తీసుకోవాలి

అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఆ నగరంలోని డైరీ ఫార్మ్‌ ప్రాంతంలో కొందరు తెలుగువారు ఉగాదికి ప్రత్యేక సంచిక తేవాలనుకున్నారనుకుందాం. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. కాబట్టి చదివేవారికి కొదవ లేదు. మరి ఆఫ్‌సెట్‌లో అచ్చు వేయించాలా, డిజిటల్‌లోనా?

ఆఫ్‌సెట్‌కు మూలం నూనె, నీరు కలవకపోవడం. 1796 ప్రాంతంలో జర్మనీలో అలోయిస్ సెనెఫెల్డర్ కనిపెట్టిన రాతి అచ్చు సూత్రం ఇదే. ఇప్పుడు రాయి స్థానంలో పలుచని అల్యూమినియం ప్లేటు ఉంటుంది. అక్షరాలున్న చోట జిడ్డు సిరా, మిగతా చోట నీరు నిలుస్తాయి. ప్లేటు మీది బొమ్మ ముందు రబ్బరు పరుపు మీదికి, అక్కడి నుంచి కాగితం మీదికి చేరుతుంది. రంగుల అచ్చుకు నాలుగు రంగులకూ వేర్వేరు ప్లేట్లు కావాలి.

లేజర్ తరహా డిజిటల్ యంత్రంలో ప్లేటే ఉండదు. కాంతి పడితే విద్యుదావేశం కోల్పోయే డ్రమ్ము మీద లేజర్ అక్షరాలను గీస్తుంది. టోనర్ పొడి అక్కడ అంటుకుని, ఆవేశం ఇచ్చిన కాగితం మీదికి దూకి, వేడికి కరిగి అతుక్కుంటుంది. విద్యుదావేశంతో పొడిని అంటించే మూల సూత్రాన్ని అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ 1938లో తొలిసారి చేసి చూపాడు.

ఖర్చులో తేడా ఇక్కడే మొదలవుతుంది. ఉదాహరణకు ఆఫ్‌సెట్ తయారీ ఖర్చు 20,000 రూపాయలు, ఆపైన ప్రతికి 40 రూపాయలు అనుకుందాం. డిజిటల్‌లో ప్రతికి 120 రూపాయలు. 250 ప్రతుల దగ్గర రెండూ సమానం. 200 ప్రతులకు డిజిటల్ 24,000, ఆఫ్‌సెట్ 28,000. 1,000 ప్రతులకైతే ఆఫ్‌సెట్ 60,000, డిజిటల్ 1,20,000. మీ ప్రెస్సు ధరలతో ఈ సమాన బిందువును మీరే లెక్కించుకోవచ్చు.

దీవుల్లో మరో రెండు సంగతులు చూడాలి. మొదటిది తేమ. ప్రెస్సు గదిలో తేమ సుమారు 50 శాతం ఉంటే మంచిది. అండమాన్‌ గాలిలో ఎక్కువ కాలం 80 శాతం దరిదాపుల్లో ఉంటుంది. తేమ పీల్చిన కాగితం ఉబ్బితే ఆఫ్‌సెట్‌లో రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడవు, సిరా కూడా త్వరగా ఆరదు. డిజిటల్‌లో తడి కాగితం నుంచి ఆవేశం జారిపోయి టోనర్ మచ్చలుమచ్చలుగా పడుతుంది. అంటే ఏ పద్ధతి ఎంచుకున్నా కాగితం కట్టను వాడేదాకా విప్పకూడదు, వీలైతే ఏసీ గదిలో ఉంచాలి.

రెండోది దూరం. చెన్నైలోనో విశాఖలోనో అచ్చు వేయిస్తే ఓడలో రావడానికి సుమారు మూడు రోజులు పడుతుంది. సంచిక చేతికొచ్చాక ఒత్తు తప్పిన పేరొకటి కనిపిస్తే పండగలోపు సరిదిద్దే వీలుండదు. స్థానికంగా డిజిటల్‌లో ముందు పది ప్రతులు తీసి, పెద్దవాళ్ల చేత చదివించి, తప్పులు దిద్ది, మిగతావి వేయించుకోవచ్చు.

కాబట్టి ప్రెస్సుకు వెళ్లేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఎన్ని ప్రతులు? ఎప్పటికి కావాలి? తప్పు దొరికితే దిద్దే వ్యవధి ఉందా? వందల్లో, పండగ గడువులో పని అయితే డిజిటల్ మేలు. వేలల్లో, ఏళ్లపాటు మారని పుస్తకమైతే ఆఫ్‌సెట్ మేలు.