ఎం.టెక్. (ఎలక్ట్రికల్) సీటు వస్తుందా? లెక్క వేసుకునే విధానం

"అన్నా, గేట్‌ల నాకు 30 మార్కులొచ్చినయి, వరంగల్ ఎన్.ఐ.టి.ల సీటొస్తదా?" ప్రతి వేసవిలో హాస్టల్ తమ్ముళ్లు మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది. రామగుండం ఎన్.టి.పి.సి. గొట్టాలు, జైపూర్ సింగరేణి కరెంటు కేంద్రం చూస్తూ పెరిగిన మన కరీంనగర్, ఆదిలాబాద్ పిల్లల్లో ట్రిపుల్ ఈ చదివేవారు ఎప్పుడూ ఉంటారు. నోటి మాటగా "వస్తది లే" అంటే ఆ తమ్ముడు వచ్చిన చిన్న ఉద్యోగం వదిలేస్తాడు. "కష్టం" అంటే దరఖాస్తే పెట్టడు. రెండింటిలోనూ నష్టపోయేది కూలికి పోయి చదివించే తల్లిదండ్రులే. అందుకే పూర్వ విద్యార్థులం కొందరం కలిసి, ఆ లెక్క ఎవరికి వారు వేసుకునే విధానం ఇక్కడ రాస్తున్నాం.

మొదట తెలుసుకోవలసింది, గేట్ మార్కులు వేరు, గేట్ స్కోరు వేరు. పరీక్ష 100 మార్కులకు, స్కోరు 1000కి. సీటు ఇచ్చేది స్కోరును చూసి. జనరల్ అభ్యర్థుల అర్హత మార్కు దగ్గర స్కోరు 350గా, అందరికన్నా పైన ఉన్న కొద్దిమంది సగటు మార్కు దగ్గర 900గా పెట్టి, మిగతా అందరికీ ఆ నిష్పత్తిలో లెక్క కడతారు. 2025లో ఎలక్ట్రికల్ పేపరుకు జనరల్ అర్హత మార్కు 25. పైవారి సగటు 75 అనుకుందాం (ఇది లెక్క కోసం మేము అనుకున్న సంఖ్య, ఏటా మారుతుంది). 50 మార్కుల తేడాకు 550 స్కోరు, అంటే ఒక్కో మార్కుకు 11. అప్పుడు 30 మార్కుల తమ్ముడి స్కోరు 405, 40 వస్తే 515. పేపరు కష్టంగా వచ్చిన ఏడు ఇవే మార్కులకు స్కోరు పెరుగుతుంది. కాబట్టి పోయినేటి సీనియర్ మార్కులతో మీ మార్కులను పోల్చుకోవద్దు, స్కోరుతో స్కోరును పోల్చండి.

ఇక్కడే మనవాళ్లు చాలామంది పొరబడతారు. ఎస్సీ, ఎస్టీలకు అర్హత మార్కు జనరల్‌లో మూడింట రెండు వంతులు. 2025లో అది 16.6. పై లెక్క ప్రకారం అంత తక్కువ మార్కుకు స్కోరు 258 దాకా పడుతుంది. 350 కన్నా తక్కువ కనబడగానే ఫెయిలయ్యామనుకుని కాగితం మడిచి పెట్టెలో పెట్టేస్తారు. ఫెయిల్ కాదు, మీరు అర్హులే. అయితే అర్హత అంటే సీటు అని కూడా కాదు. స్కోరు మూడేళ్లు పనిచేస్తుంది, ఆ లోపల రెండోసారి రాసుకోవచ్చు. ఫీజు కూడా ఎస్సీ, ఎస్టీలకు, ఆడపిల్లలకు సగమే.

ఎన్.ఐ.టి.ల సీట్లు సి.సి.ఎం.టి. అనే ఉమ్మడి కౌన్సెలింగ్‌లో నింపుతారు. ఏ సంస్థలో, ఏ కోర్సులో, ఏ కేటగిరీలో, ఏ రౌండులో చివరి సీటు ఎంత స్కోరుకు పోయిందో వాళ్లే ప్రకటిస్తారు. మీ జవాబు ఆ పట్టికలోనే ఉంది. వరంగల్‌లో ఎలక్ట్రికల్ విభాగపు ఒక్కో ఎం.టెక్. కోర్సుకు వేరు వరుస ఉంటుంది. మీ కేటగిరీ వరుసను మూడేళ్లకు చూడండి. మొదటి రౌండు అంకె చూసి భయపడవద్దు, పైవాళ్లు ఐ.ఐ.టి.లకు వెళ్లిపోయే కొద్దీ అది దిగుతుంది. మూడేళ్ల చివరి స్కోర్లన్నిటికన్నా మీది ఎక్కువుంటే ధైర్యంగా ఉండవచ్చు. మధ్యలో ఉంటే వరంగల్ పేరు పైన రాసి, కింద దూరపు ఎన్.ఐ.టి.లు కూడా రాయండి. ఆప్షన్లు పొదుపుగా పెట్టేవాళ్లను చూస్తే మాకు కోపం వస్తుంది, ఎక్కువ పెడితే పోయేదేమీ లేదు కదా! బి.టెక్.లో ఎస్సీ, ఎస్టీలకు 55 శాతం లేదా 6.0 సి.జి.పి.ఏ. ఉండాలన్నది మాత్రం ముందే చూసుకోండి.

ఐ.ఐ.టి.లకు ఒక్కోదానికి విడిగా దరఖాస్తు పెట్టాలి, సీటు ఆఫర్లు మాత్రం సి.ఓ.ఏ.పి. ద్వారా వస్తాయి. మనకు దగ్గరున్నది సంగారెడ్డి జిల్లా కంది దగ్గరి హైదరాబాద్ ఐ.ఐ.టి.

రాష్ట్ర కాలేజీల సీట్లు పీజీఈసెట్ కౌన్సెలింగ్‌లో ఇస్తారు. ముందు గేట్ అర్హులకు, మిగిలినవి పీజీఈసెట్ ర్యాంకుకు. అంటే వరంగల్‌కు చాలని గేట్ స్కోరు ఇక్కడ మిమ్మల్ని వరుసలో ముందు నిలబెడుతుంది. పాత చివరి ర్యాంకులను నమ్మేటప్పుడు ఒక జాగ్రత్త. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీల 15 శాతం మూడు గ్రూపులుగా 1, 9, 5 శాతం అయింది. అంతకు ముందటి ఎస్సీ ర్యాంకులు ఇప్పుడు సరిగా సరిపోలవు. ఎన్.ఐ.టి., ఐ.ఐ.టి.లలో మాత్రం ఈ విభజన లేదు, అక్కడ 15 శాతం మొత్తం ఒకటే. నాచుపల్లి జె.ఎన్.టి.యు. దగ్గరే కదా అని ఆశపడే తమ్ముళ్లు, ఆ ఏడు అక్కడ మీ బ్రాంచిలో ఎం.టెక్. నడుస్తుందో లేదో కౌన్సెలింగ్ జాబితాలో చూసుకోవాలి.

డబ్బు సంగతి. గేట్ అర్హతతో ఏ.ఐ.సి.టి.ఇ. గుర్తింపు ఉన్న కాలేజీలో చేరినవారికి నెలకు 12,400 రూపాయల చొప్పున రెండేళ్లు స్టైపెండు పథకం ఉంది. పీజీఈసెట్ ర్యాంకుతో చేరితే ఇది రాదు, ఫీజు రీయింబర్స్‌మెంటు మీదే ఆధారపడాలి. ఇంటి నుంచి పైసా తెచ్చుకోలేని వాడికి రెండు సీట్ల మధ్య అసలు తేడా ఇదే.

కుల ధ్రువీకరణ పత్రం కేంద్ర సంస్థలు అడిగే నమూనాలో ఉండాలి. మీసేవలో ఇచ్చింది పనికొస్తుందా అన్నది ఫలితాలు రాకముందే, గేట్ దరఖాస్తు నాడే సరిచూసుకోండి. బి.సి. తమ్ముళ్లు నాన్ క్రీమీలేయర్ పత్రం ఆ ఆర్థిక సంవత్సరానిది కొత్తగా తీసుకోవాలి. తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడానికి కనీసం నెల రోజులు ముందు పెట్టుకోండి.