క్లచ్ వైరూ, చేతిలోని వైర్లూ

నువ్వు గేర్ల బండి నేర్చుకున్నావని విన్నప్పుడు నాకెంత సంతోషమైందో, సాయంత్రమయ్యేసరికి మణికట్లు పీకేస్తున్నాయని అమ్మ చెప్పినప్పుడు అంత దిగులైంది తల్లీ. బామ్ రాస్తానంటోంది కదా, రాయించుకో. ఆ వెచ్చదనానికి హాయిగానే ఉంటుంది. కానీ నొప్పి మణికట్టులో ఉంది కదా అని కారణం కూడా అక్కడే వెతికితే దొరకదు. మణికట్టు సొంతంగా చేసే పని తక్కువ. పైనుంచి వచ్చే బలాన్ని వేళ్ళకి దాటించే దారి అది. ఆ దారిని వంకర చేసి, దాని మీద ఒంటి బరువు మోపి, మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా అలాగే తీసుకెళ్తే పాపం అదేం చేస్తుంది?

నమ్మకం కుదరకపోతే ఇప్పుడే చేసి చూడు. ఎడమ మోచేతికి నాలుగు వేళ్ళ కిందుగా, కండ ఉన్నచోట కుడిచేత్తో పట్టుకో. క్లచ్ నొక్కుతున్నట్టుగా ఎడమచేతి వేళ్ళు మూసి తెరువు. మూసుకునేది వేళ్ళు, కదిలేది మోచేతి దగ్గర కండ! వేళ్ళలో అసలు కండరాలే లేవమ్మా. అరచేతిలో చిన్నచిన్నవి కొన్ని ఉన్నాయి గానీ గట్టిగా లాగే కండరాలన్నీ ముంజేతిలోనే. అక్కణ్ణుంచి పొడవాటి తాళ్ళలాంటి స్నాయుబంధనాలు, అదే మన డాక్టర్లు టెండన్లంటారే అవి, మణికట్టు దాటి వేలి కొసల దాకా వెళ్తాయి. వాటి చుట్టూ పల్చటి తొడుగు, తొడుగు లోపల జారుడు కోసం కాస్త ద్రవం.

ఇప్పుడు బండి దగ్గరికి వెళ్ళి క్లచ్ వైరు చూడు. పైన నల్లటి తొడుగు, లోపల ఉక్కు తీగ. ఇక్కడ లాగితే ఇంజను దగ్గర పని జరుగుతుంది. ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్ అనే ఆయనకి 1896లో ఇంగ్లండులో దీనికి పేటెంటు దక్కింది. అందుకే దాన్ని ఇప్పటికీ బౌడెన్ కేబుల్ అంటారు. తొడుగు ఎండిపోయినా, వైరు ఎక్కడైనా మరీ మెలిక తిరిగినా లివరు బరువెక్కుతుందని ఏ మెకానిక్కునడిగినా చెబుతాడు. నీ చేతిలోని వైర్లదీ అదే కథ. తిన్నగా ఉంటే జారతాయి, వంచిన చోట ఒరుసుకుంటాయి.

మణికట్టు దగ్గర ఈ ఒరుసుకోవడం ఎందుకు ఎక్కువంటే, అక్కడ చోటు లేదు. చిన్నచిన్న ఎముకలు 8 కలిసి ఒక తొట్టిలాగా అమరి ఉంటాయి. వాటి పైన గట్టి పట్టీ ఒకటి అడ్డంగా బిగించి ఉంటుంది. మధ్యలో మిగిలిన ఇరుకు సందులోంచి 9 స్నాయుబంధనాలూ, వాటితో పాటు మీడియన్ నరమూ వెళ్ళాలి. దీన్నే కార్పల్ టన్నెల్ అంటారు. మణికట్టు తిన్నగా ఉన్నప్పుడు ఆ సందులో ఒత్తిడి చాలా తక్కువ. పైకి వంచినా కిందికి వంచినా కొన్ని రెట్లు పెరుగుతుంది. ఇంకో పరీక్ష చెయ్యి: మణికట్టుని లోపలివైపుకి పూర్తిగా మడిచి, పిడికిలి గట్టిగా బిగించు. బిగియదు. మణికట్టు ఎత్తి తిన్నగా పెట్టి బిగించు, ఎంత బలమొచ్చిందో చూడు! కండ అదే, మనిషీ అదే. మణికట్టు మడిస్తే కండరం ముందే కురచబడి లాగే బలం తగ్గుతుంది, ఆ లోటు పూడ్చడానికి అది ఇంకా ఎక్కువ కష్టపడుతుంది.

సరే, ఎడమచెయ్యి సంగతి చూద్దాం. బండి స్టాండు మీద ఉండగా నువ్వు నడిపేటప్పుడు కూర్చునే తీరులోనే కూర్చుని, వేళ్ళు చాచి క్లచ్ లివరు మీద పెట్టు. మోచేతి నుంచి వేలి కొస దాకా ఒకే గీతలో ఉందా? షోరూములో లివర్లు అందరికీ ఒకే కోణంలో బిగించి ఇస్తారు. నీ ఎత్తూ, నీ చేతి పొడవూ వాళ్ళకేం తెలుసు? లివరు మరీ పైకి లేచి ఉంటే నొక్కిన ప్రతిసారీ మణికట్టు వెనక్కి విరుగుతుంది. దాని బిగింపు నట్టు కాస్త వదులు చేసి, లివరుని రవ్వంత కిందికి తిప్పి, మళ్ళీ గట్టిగా బిగిస్తే చాలు. మెకానిక్కుకి అయిదు నిమిషాల పని. కొత్త బండివాళ్ళు డబ్బు ఖర్చుపెట్టి కొనే అలంకారాలన్నిటికంటే ఈ అయిదు నిమిషాల పని మేలని నా గట్టి నమ్మకం.

నీ వేళ్ళు చిన్నవి కాబట్టి మరో మాట. లివరు చివర వేళ్ళేసి నొక్కితే తేలిక, ఇరుసు దగ్గర వేస్తే బరువు. ఆర్కిమిడీసు చెప్పిన తుల సూత్రమే ఇది. చెయ్యి లోపలికి జరిపి పట్టుకునే అలవాటు చాలామంది కొత్తవాళ్ళకి ఉంటుంది, ఒకసారి గమనించుకో. లివరు నీ వేళ్ళకి అందనంత దూరంగా ఉంటే దగ్గరకి జరుపుకోవడానికి వీలున్న లివర్లు దొరుకుతాయి. వైరులో ఖాళీ, మెకానిక్కులు ప్లే అంటారు, చాలా బళ్ళకి లివరు చివర 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. నీ బండి పుస్తకంలో కచ్చితమైన అంకె ఉంటుంది, చూసి పెట్టించు. ఎన్ని నూనెలు వేసినా వైరు బిరుసుగానే ఉంటే లోపల పోగులు తెగుతూ ఉండొచ్చు. మార్పించెయ్, పెద్ద ఖరీదేం కాదు.

ఇక సిగ్నలు దగ్గర. ఎర్రలైటు కింద అంకెలు తగ్గుతున్నంతసేపూ ఫస్టు గేరులో క్లచ్ నొక్కిపెట్టి కూర్చోవడం కొత్తవాళ్ళ పని. పచ్చ పడ్డాక బండి ఆగిపోతుందేమో, వెనకవాళ్ళు హారన్ కొడతారేమో అని భయం. కదలకుండా బిగబట్టిన కండరంలోకి రక్తం సరిగ్గా పారదు, అందుకే అంత త్వరగా మండుతుంది. అద్దంలో చూసుకో. వెనకున్న బండి ఆగిందని రూఢి అయ్యాక న్యూట్రల్ చేసి, వేళ్ళు చాచి ఆడించు. అంకెలు అయిదుకి దిగాక గేరు వేసుకుంటే సరిపోతుంది.

కుడిచేతి కష్టం వేరు. యాక్సిలేటర్ తిప్పే కొద్దీ చేతివీపు నీ వైపుకి వాలుతుంది, మణికట్టు కిందికి కుంగుతుంది. మోచెయ్యి ఒంటికి అతికించి, మణికట్టు ముందే కుంగిపోయి మొదలుపెడితే ఇంక వంగడానికేముంది? అది ప్రమాదం కూడా. గోతిలో పడ్డప్పుడు చెయ్యి ఇంకాస్త కుంగి, నీకు తెలియకుండానే రేజ్ అయిపోతుంది. అందుకని యాక్సిలేటర్ మూసి ఉన్నప్పుడు మణికట్టు తిన్నగా ఉండేలా పట్టుకో. మోచేతులు కాస్త ఎడంగా, మెత్తగా వంచి ఉంచు. పిడి అరచేతికి అడ్డంగా కాకుండా ఐమూలగా పడితే ఇంకా సుఖం. అప్పుడు తిప్పే పనిలో చాలా భాగం ముంజెయ్యి తీసుకుంటుంది.

రెండు చేతులకీ అరచేతి మడమ దగ్గరే నొప్పి అంటున్నావు కదా, అది మాత్రం లివర్ల వల్ల కాదమ్మా. అది నీ ఒంటి బరువు. నువ్వు, హెల్మెట్టు, వీపున ల్యాప్‌టాప్ సంచి కలిపి 60 కిలోలనుకుందాం. గంటకి 40 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి 11 మీటర్లు. స్పీడ్ బ్రేకర్ చూసి 3 సెకన్లలో ఆగావు. నిన్ను ఆపడానికి దాదాపు 220 న్యూటన్ల బలం కావాలి. 22 కిలోల బస్తాని ఎత్తిపట్టుకోవడానికి కావలసినంత బలం! బండికి బ్రేకు పడింది, నీకు పడలేదు. నువ్వు న్యూటన్ చెప్పినట్టుగా ముందుకే పోతున్నావు. సీటు రాపిడి కొంత ఆపుతుంది. మిగతాదంతా ఎవరాపాలి? స్కూటీ మీద కాళ్ళ మధ్య ఖాళీయే కాబట్టి చేతులతో ఆపుకోవడమే నీకు అలవాటైంది. ఇప్పుడు నీ మోకాళ్ళ మధ్య ట్యాంకు ఉంది. బ్రేకు వేసేటప్పుడు తొడలతో దాన్ని నొక్కిపట్టు, నడుము బిగించు. ఒంట్లో అన్నిటికంటే పెద్ద కండరాలు తొడల్లో, పిరుదుల్లో ఉన్నాయి. ఆ బరువు వాటికి లెక్కలోది కాదు. సరిగ్గా చేస్తున్నావో లేదో తెలియాలంటే నడిపేటప్పుడు మోచేతులు రెక్కల్లా రవ్వంత ఆడించి చూసుకో. ఆడితే బరువు చేతుల మీద లేనట్టే.

హ్యాండిల్ గట్టిగా పట్టుకోకపోతే బండి పడిపోదూ అంటావు. పడదమ్మా. ఖాళీ మైదానంలో తమ్ముడి సైకిలుని బాగా తోసి వదిలిపెట్టి చూడు, ఎవరూ ఎక్కకుండానే చాలా దూరం నిలబడి పోతుంది. ఓ పక్కకి ఒరగబోతే ముందు చక్రం తనంతట తానే అటువైపు తిరిగి సర్దుకుంటుంది. ఇది ఎందుకు జరుగుతుందో శాస్త్రవేత్తలు వంద సంవత్సరాలకి పైగా తర్జనభర్జన పడుతున్నారు. తిరిగే చక్రానికుండే బొంగరపు గుణం వల్లనని చాలాకాలం అనుకున్నారు. ఆ గుణాన్ని లెక్కకట్టి తీసేసినా నిలబడే సైకిలుని తయారుచేసి 2011లో సైన్స్ పత్రికలో చూపించారు. అంత సొగసైన తెలివి బండిలోనే ఉంది. పిడులు బిగించి పట్టుకుంటే ఆ చిన్నచిన్న సర్దుబాట్లకి మనమే అడ్డుపడతాం. బండి మనతో పెనుగులాడుతోందనిపించి ఇంకా బిగిస్తాం.

బిగింపుకి ఇంకో తోడు కూడా ఉంది, అదిరే ఇంజను. మన రోడ్ల మీద తిరిగే బళ్ళలో ఎక్కువ ఒకే సిలిండరువి. 5000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 83 సార్లు అదురుతుంది. అదురు తగిలిన కండరం మనం చెప్పకుండానే బిగుసుకుంటుంది, బిగించిన కొద్దీ అదురు ఇంకా పైకి పాకుతుంది. ఏళ్ళ తరబడి అదురుతో పనిచేసినవాళ్ళ గతి ఏమిటో ఆలిస్ హామిల్టన్ అనే అమెరికా డాక్టరమ్మ 1918లో ఇండియానాలోని సున్నపురాయి గనులకి వెళ్ళి చూసింది. గాలి సుత్తులతో రాయి చెక్కే పనివాళ్ళకి చలి ఉదయాల్లో వేళ్ళు తెల్లగా పాలిపోయి మొద్దుబారిపోయేవి. నీ ప్రయాణం దానికి చాలా దూరంలే, బెంగపడకు. హ్యాండిల్ రెండు కొసలా ఉండే ఇనప గుండ్లు ఆ అదురుని తగ్గించడానికే పెట్టారు. అందం కోసమని వాటిని పీకించే కుర్రాళ్ళున్నారు, నువ్వు మాత్రం పీకించకు. మెత్తని గ్రిప్పులు వేయించు. గంటకోసారి దిగి చేతులు విదిలించు.

ఏ వేలు తిమ్మిరెక్కుతోందో మాత్రం జాగ్రత్తగా చూసుకో, దానివల్ల చాలా తెలుస్తుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలిలో సగం అయితే ఇందాక చెప్పిన మీడియన్ నరం నలుగుతోంది. చిటికెనవేలూ, మిగిలిన సగం ఉంగరపువేలూ అయితే అల్నార్ నరం. అరచేతి మడమ మీద, చిటికెనవేలి వైపు బరువు పడితే అది నలుగుతుంది. తిమ్మిరికి అర్ధరాత్రి మెలకువ వచ్చినా, గ్లాసు చేతిలోంచి జారిపోతున్నా, బొటనవేలి కింది కండ పల్చబడినట్టు కనిపించినా ఇంటి వైద్యాలు ఆపి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళు. తొలిరోజుల్లోనే వెళ్తే రాత్రిళ్ళు మణికట్టు తిన్నగా ఉంచే పట్టీతో నయమయ్యే అవకాశాలు బాగా ఉంటాయి.

ఇంకొకటుంది, దేవుడి దయవల్ల నీకు ఆ అవసరం రాకూడదు. బండి మీదనుంచి పడి అరచెయ్యి నేలకి ఆన్చావనుకో, మణికట్టు చూడ్డానికి బాగానే ఉండి, బొటనవేలి మొదట్లో వెనకవైపు పడే గుంటలో నొక్కితే మాత్రం ప్రాణం పోతోందనుకో. బెణికిందిలే అని వదిలెయ్యకు. ఆ గుంట అడుగునే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంది. ఆ 8 ఎముకల్లో ఎక్కువగా విరిగేది అదే. రక్తం దానికి వేలి వైపు కొస నుంచి లోపలికి వస్తుంది, కాబట్టి నడుమ విరిగితే రెండో ముక్కకి ఆహారం అందదు. మొదటిరోజు ఎక్స్‌రేలో ఆ పగులు ఒక్కోసారి కనిపించదు కూడా. అందుకే నొప్పి తగ్గకపోతే పది, పద్నాలుగు రోజులకి మళ్ళీ తీయిస్తారు. ఎవరి చేత ఏ కట్టు కట్టించుకోవాలన్నా ముందు ఎక్స్‌రే తీయించు. రెండోసారి ఎక్స్‌రే వచ్చేదాకా బండి తాళాలు అమ్మకిచ్చి మెట్రోలో వెళ్ళు.