వాట్ల కన్నా ముందు డబ్బా: కారు బేస్ విశేషాలు

కారులో బేస్ బాగుండాలని షాపుకు వెళ్తే చాలామంది ముందు అడిగేది ‘ఎన్ని వాట్లు?’ అని. నిజానికి ముందు అడగాల్సింది సబ్‌వూఫర్‌ను ఏ డబ్బాలో బిగిస్తారని. డబ్బాలో గాలి ఎంత పడుతుంది, అది ఎలా కదులుతుంది అన్నదాన్ని బట్టే బేస్ గుండెను తాకుతుంది, లేదా చెవిని బాదుతుంది. ఆ గాలి కథలోని కొన్ని విశేషాలు ఇవి.

● డబ్బా లేని వూఫర్ తన మోతను తానే మింగేస్తుంది. వూఫర్‌లో ఊగే గరాటు లాంటి పొర (కోన్) ముందుకు వచ్చినప్పుడు ఎదుటి గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. లోతైన మోతల్లో ఈ నష్టం మరీ ఎక్కువ. విడి వూఫర్‌ను బల్ల మీద పెట్టి మోగిస్తే గొంతు పీలగా వచ్చేది అందుకే.

● సంగీతంలో ఒకే స్వరం మధ్య స్థాయి నుంచి మంద్ర స్థాయికి దిగితే ఫ్రీక్వెన్సీ సగమవుతుంది. కానీ మోత తగ్గకూడదంటే కోన్ నాలుగింతలు ఊగాలి. మూసిన డబ్బాలో 80 హెర్ట్జ్ దగ్గర 2 మిల్లీమీటర్లు ఊగితే సరిపోయే కోన్, 40 దగ్గర 8, 20 దగ్గర 32 మిల్లీమీటర్లు ఊగాలి. లోతైన బేస్ ఖరీదు అక్కడుంది.

● అన్ని వైపులా మూసేసిన డబ్బాను సీల్డ్ బాక్స్ అంటారు. లోపల చిక్కుకున్న గాలి స్ప్రింగులా పనిచేసి, కోన్‌ను ప్రతిసారీ వెనక్కి లాగుతుంది. అమెరికాలో ఎడ్గర్ విల్చర్ ఈ గాలి స్ప్రింగును నమ్ముకుని, 1954లో హెన్రీ క్లాస్‌తో కలిసి అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థను పెట్టాడు. వాళ్ల ఏఆర్-1 స్పీకరు చిన్న పెట్టెలో నుంచి పెద్ద బేస్ రప్పించింది. దెబ్బ పడగానే మోగి, వెంటనే ఆగిపోవడం సీల్డ్ బాక్స్ గుణం. మృదంగం, తబలా, డ్రమ్స్ విడివిడిగా వినాలనుకునేవాళ్లకు ఇదే సరైనది.

● ఘటం వాయించే విద్వాంసుడు కుండ మూతిని పొట్టకు ఆనించి మూస్తే నాదం కిందికి దిగుతుంది. మూతి, మెడ, లోపలి గాలి కలిసి ఒక సొంత స్వరాన్ని పలుకుతాయి. 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ దీని లెక్క తేల్చాడు. గొట్టం పెట్టిన పోర్టెడ్ బాక్స్‌లో జరిగేదీ ఇదే. కోన్ వెనక మోతను వృథా పోనివ్వకుండా, గొట్టంలోని గాలి దాన్ని కొంత ఆలస్యంగా ముందు మోతతో కలుపుతుంది. బెల్ ల్యాబ్స్ ఇంజినీరు ఆల్బర్ట్ థూరస్ 1930లో దీని పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, అది 1932లో చేతికొచ్చింది.

● గొట్టం పొడవు పెంచితే డబ్బా స్వరం కిందికి దిగుతుంది, వెడల్పు పెంచితే పైకి పోతుంది. మరీ సన్నని గొట్టం పెడితే గాలి బుసకొట్టినట్టు వినిపిస్తుంది. అంచులు పువ్వులా విచ్చుకున్న గొట్టంలో ఆ బుస తగ్గుతుంది.

● పోర్టెడ్ బాక్స్‌కు ఒక గండం ఉంది. డబ్బా పలికే స్వరం కన్నా లోతైన మోత వస్తే లోపలి గాలి కోన్‌ను పట్టుకోలేదు. పగ్గం తెగినట్టు ఊగి వూఫర్ పాడవుతుంది. అందుకే యాంప్లిఫయర్‌లో అంత లోతైన మోతలను ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్ ఉందో లేదో చూసుకోవాలి.

● వూఫర్ బయటికి కనిపించకుండా, లోపలి రెండు గదుల మధ్య దాక్కునే డబ్బాను బ్యాండ్‌పాస్ అంటారు. మోత అంతా గొట్టం నుంచే వస్తుంది. కొన్ని స్వరాల దగ్గర గట్టిగా పలికి, మిగతా చోట్ల తగ్గిపోతుంది. కొలత కొంచెం తప్పినా పాటంతా ఒకే దడదడగా మారిపోతుంది.

● 40 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు సుమారు 8.6 మీటర్లు. చిన్న హ్యాచ్‌బ్యాక్ కార్లు రెండింటిని వరసగా నిలబెట్టినా అంత పొడవుండవు. అంత పెద్ద తరంగం ముందు డబ్బా ఆకారానికి లెక్క లేదు, లోపలి లీటర్లకే లెక్క. సీటు వెనక వాలుకో, స్టెప్నీ గుంతకో సరిపోయేలా నిశ్చింతగా చేయించుకోవచ్చు.

● ఆ లీటర్లను బయటి నుంచి కొలిస్తే మోసపోతాం. బయటి కొలతలు 40, 35, 30 సెంటీమీటర్లు ఉన్న డబ్బా 42 లీటర్లు అనిపిస్తుంది. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్కతో చేస్తే లోపల మిగిలేది 30 లీటర్లే. వూఫర్ వెనక భాగం, గొట్టం, లోపలి బద్దలు ఆక్రమించే చోటును కూడా తీసేయాలి.

● చిన్న డబ్బా, లోతైన బేస్, తక్కువ పవర్‌తో ఎక్కువ మోత: ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి. కేఎల్‌హెచ్ సంస్థ స్థాపకుల్లో ఒకరైన జోసెఫ్ ఆంటన్ హాఫ్‌మన్ పేరిట దీన్ని ‘ఇనుప సూత్రం’ అంటారు. డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు ఉండి చోటు లేనివాళ్లు ఏది వదులుకోవాలో ముందే తేల్చుకోవడం మంచిది.

● వాట్లు పదింతలు చేస్తే మన చెవికి మోత దాదాపు రెండింతలు మాత్రమే అనిపిస్తుంది. 100 వాట్ల నుంచి 200కు వెళ్తే పెరిగేది 3 డెసిబెల్సే. ఆ ఖర్చులో కొంత మంచి చెక్కకు, బిగుతైన అతుకులకు పెడితే ఫలితం ముందుగా చెవికి తెలుస్తుంది.

● వూఫర్‌తో వచ్చే కాగితం మీద ఎఫ్‌ఎస్, క్యూఈఎస్, వీఏఎస్ అనే అంకెలుంటాయి. వీటితో డబ్బాను లెక్కగట్టే దారి వేసింది ఆస్ట్రేలియా ఇంజినీరు నెవిల్ థీల్, 1961లో. 1970ల్లో రిచర్డ్ స్మాల్ దాన్ని విస్తరించాడు. ఎఫ్‌ఎస్‌ను క్యూఈఎస్‌తో భాగించండి: 50 లోపు వస్తే సీల్డ్, 100 దగ్గరికి వస్తే పోర్టెడ్, నడుమ వస్తే ఏదైనా నప్పుతుంది. స్థూలమైన లెక్కే అయినా పెద్ద పొరపాటును ఆపుతుంది.

● సుమారు 80 హెర్ట్జ్ కిందికి వెళ్లాక మోత ఎటు నుంచి వస్తోందో చెవి పసిగట్టలేదు. తరంగం తల కన్నా ఎన్నో రెట్లు పొడవుండటం వల్ల రెండు చెవులకూ దాదాపు ఒకేలా చేరుతుంది. డిక్కీలోని బేస్ ముందున్న గాయకుడితో కలిసిపోయేది ఇందుకే. డిక్కీ గిలక్కాయలా మోగితే మాత్రం ఆ భ్రమ చెదిరిపోతుంది. నంబర్ ప్లేటు, లోపలి ప్లాస్టిక్ బిగించుకోండి.

● కారు కూడా ఒక డబ్బానే. సుమారు 60 హెర్ట్జ్ కిందికి దిగేకొద్దీ, తలుపులు మూసిన కారు లోపలి గాలి మొత్తం ఒకేసారి నొక్కుకుని బేస్‌ను పెంచుతుంది. సీల్డ్ బాక్స్ బేస్ తగ్గిపోయే చోటే కారు దాన్ని పైకెత్తుతుంది. అద్దం దించితే ఆ లాభం కొంత బయటికి పోతుంది.

షాపు గోడకు తగిలించిన వూఫర్ల వరసలో విన్న బేస్ మీ కారులో అలాగే వినిపించకపోవడానికి కారణం ఈ చివరి విశేషమే. మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి పట్టుకెళ్లండి. ఆ డబ్బాను మీ డిక్కీలోనే పెట్టించి, తలుపులు మూసి, అద్దాలెత్తి వినండి. మోత పెద్దదా అని కాదు, మృదంగం ఎడమ ముఖం తొప్పి మీద దెబ్బా దెబ్బా విడిగా వినిపిస్తోందా అని చూడండి. వినిపిస్తే ఆ డబ్బా మీ కారుకు కుదిరినట్టే.