ఆ స్పాంజి దేంతో చేశారు?

పదకొండేళ్లుగా చేస్తున్న పని. ఇంట్లో మాత్రం ఏనాడూ చెప్పలేదు. చివరికి ఓ పంటి డాక్టరు గదిలో చెప్పాల్సి వచ్చింది.

"మీ అమ్మాయి ఏం చేస్తోంది?" అని ఎవరైనా అడిగితే, "మద్రాసులో మందుల కంపెనీలో" అని చెప్పేది మా అమ్మ. నేనెప్పుడూ దిద్దలేదు. పూర్తిగా అబద్ధమేం కాదులే అని సరిపెట్టుకునేదాన్ని.

నిజానికి నేను చేసేది మందు కాదు. తెల్లగా, దూది కంటే కాస్త బిగువుగా, అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియనంత తేలికగా ఉండే స్పాంజి ముక్క. పన్ను పీకిన గుంటలో, ఎముకలో ఖాళీ పడ్డ చోట, కాలిన గాయం మీద డాక్టర్లు పెడతారు. మళ్లీ తీయక్కర్లేదు. కొన్ని వారాల్లో ఒంట్లోనే కలిసిపోతుంది. దాని ముడిసరుకు పేరు కొలాజెన్. మా దగ్గరికి అది వచ్చేది పశువుల కాళ్ల నుంచి. అమ్మకి చెప్పలేకపోయింది ఆ మాటే. మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టరు.

మూడు పాయల జడ

కొలాజెన్ అంటే ఏదో వింత పదార్థం అనుకోకండి. మన ఒంట్లోని ప్రొటీన్లలో పావు వంతు నుంచి మూడో వంతు వరకూ అదే. చర్మానికి బిగువునిచ్చేది అదే. ఎముక అంటే ఒట్టి కాల్షియమే అనుకుంటాం. కానీ స్లాబులో ఇనప చువ్వల్లాగా ఎముక నిండా కొలాజెన్ పోగులుంటాయి. ఖనిజం సిమెంటులా వాటిని పట్టుకుని ఉంటుంది. చువ్వల్లేని స్లాబు ఎన్నాళ్లుంటుందో మీకు తెలియంది కాదు.

ఈ పోగు మూడు పాయలు పెనవేసుకుని ఉంటుందని తేల్చింది ఎక్కడో కాదు, మద్రాసు విశ్వవిద్యాలయంలోనే. 1954లో జి.ఎన్.రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ఆ రూపాన్ని ప్రతిపాదించారు. మరుసటి ఏడాది దాన్నే ఇంకాస్త సవరించారు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా సూపర్‌వైజర్ నా జడ చూపించి, "ఇది ఊడిపోకుండా చూడటమే మన పని" అనేవారు. ఆ మాట అర్థం కావడానికి ఏడాది పట్టింది.

కాటుక, పూలు బయటే

పశువైద్యుల తనిఖీ అయిన పశువుల మడమ వెనక ఉండే టెండన్లు ఐసులో వస్తాయి. తాడులా ఉంటాయి. మొదటి రోజు నాకు అన్నం సయించలేదు. వాటి కొవ్వూ, కండా తీసేసి, సన్నగా తరిగి, ఎన్నోసార్లు కడుగుతాం. తర్వాత పలచని ఆమ్లంలో, పెప్సిన్ అనే ఎంజైమ్ వేసి కరిగిస్తాం. మన పొట్టలో ఆహారాన్ని అరిగించేదే ఈ పెప్సిన్. మన ఒళ్లు పరాయిదని గుర్తుపట్టే అవకాశం ఎక్కువున్న చివరలని అది కత్తిరించేస్తుంది.

ఇదంతా ఫ్రిజ్ చల్లదనంలో, నాలుగు డిగ్రీల దగ్గర జరగాలి. వేడి తగిలితే జడ ఊడిపోయి కొలాజెన్ కాస్తా జెలటిన్ అయిపోతుంది. మాంసం వండే ఇళ్లలో మేక కాళ్ల పులుసు చల్లారాక గడ్డకడుతుంది చూడండి, అది ఈ జెలటినే.

శుద్ధి చేశాక చిక్కని గంజిలా ఉన్నదాన్ని ట్రేల్లో పోసి గడ్డకట్టిస్తాం. తర్వాత మిషన్లో గాలి లాగేస్తే అందులోని మంచు నీరవకుండానే ఆవిరైపోతుంది. డబ్బాలో కర్పూరం తడి కాకుండానే హరించుకుపోదూ, అచ్చం అలాగే. మంచు పలుకులున్న చోటల్లా చిల్లులు మిగులుతాయి. ఆ చిల్లుల్లోనే ఉంది అసలు సంగతి. చిక్కుడు పాదు పందిరి మీదికి పాకినట్టు మన కణాలు, సన్నని రక్తనాళాలు వాటిలోకి పాకుతాయి. సొంత కొలాజెన్ అల్లుకుంటూ, మేం వేసిన పందిరిని మెల్లగా కరిగించేసుకుంటాయి.

మంచు నెమ్మదిగా కడితే చిల్లులు పెద్దవి, తొందరగా కడితే చిన్నవి. ఓసారి పండక్కి ఊరెళ్లే హడావుడిలో నేను గడ్డకట్టే వేగం ఎక్కువ పెట్టేశాను. స్పాంజి ఎంత నునుపుగా వచ్చిందో! మైక్రోస్కోపులో చూస్తే కణాలు దూరే సందు లేదు. బ్యాచ్ మొత్తం పారేశారు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది జీతం కోత గురించి కాదు. చూడ్డానికి బాగుందని అది బయటికి వెళ్లిపోయి ఉంటే?

కావలసినన్నాళ్లు ఒంట్లో నిలవాలంటే పోగుల్ని ఒకదానికొకటి ముడివేయాలి. పొడిగా అయ్యాక, గాలి లేని చోట నూరు డిగ్రీలు దాటిన వేడిలో పెట్టడం అందుకో పద్ధతి. తడి మీద పనికిరాని వేడి, పొడి మీద పనికొస్తుంది. ఆఖర్న క్రిములు లేకుండా చేయాలి. ఉడకబెట్టడానికి వీల్లేదు గనక గామా కిరణాలో, ఎథిలీన్ ఆక్సైడ్ గ్యాసో వాడతారు. ప్యాకింగ్ గదిలోకి గాజులు, పూలు, కాటుక, పౌడరు ఏవీ రాకూడదు. పెళ్లయిన కొత్తలో వాటన్నింటినీ తీసి లాకర్లో పెడుతుంటే పక్కమ్మాయి నవ్వేది.

కాలిన చర్మానికి కొత్త ఆశ

ఇంత శ్రమ ఎందుకంటారా? అమెరికాలో జాన్ బర్క్ అనే సర్జన్, అయోనిస్ యానస్ అనే ఇంజినీరు కలిసి పశువుల కొలాజెన్, సొరచేప మృదులాస్థి పదార్థంతో కృత్రిమ చర్మం చేశారు. ఒళ్లంతా కాలినవాళ్లకి దాన్ని వాడిన ఫలితాలు 1981లో ప్రకటించారు. 1996లో అక్కడి ప్రభుత్వ అనుమతి వచ్చింది. కాలిన గాయాలంటే మన వంటిళ్లే నాకు గుర్తొస్తాయి. నేను చేసే పనికి సిగ్గుపడక్కర్లేదని నాకు ధైర్యమిచ్చింది ఈ సంగతే. అయినా అమ్మతో అనలేకపోయాను.

"ఏమే, నువ్వు చేసేది ఇదేనా?"

ఆ మధ్య నెల్లూరు వెళ్లినప్పుడు అమ్మ దవడ పన్ను పీకించాల్సి వచ్చింది. గుండెకి ఆస్పిరిన్ వాడుతుంది కదా, రక్తం త్వరగా ఆగదేమోనని "చిన్న స్పాంజి పెడతానమ్మా" అన్నారు డాక్టరు. ట్రేలో ప్యాకెట్ కనిపించింది. నాకు చెమటలు పట్టాయి. నోరు మూసుకుంటే రెండు నిమిషాల్లో అయిపోతుంది. అమ్మకి జన్మలో తెలియదు.

"డాక్టరుగారూ, ఒక్క నిమిషం. అమ్మ శాకాహారి. అది దేంతో చేసిందో ఆవిడకి చెప్పాలి" అన్నాను.

అమ్మ అంతా విని నావైపు తిరిగింది. "ఏమే, నువ్వు చేసేది ఇదేనా? ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"నువ్వు బాధపడతావని..."

"బాధపడటం నా వంతు. దాచిపెట్టడం నీ వంతా?"

డాక్టరుగారు విసుక్కోలేదు. మొక్కల సెల్యులోజ్‌తో చేసిన అల్లికగుడ్డ లాంటిది ఉందని చెప్పి, అదే పెట్టి, ఓ కుట్టు వేశారు. రక్తం ఆగింది. ఇంటికొచ్చాక రెండు రోజులు అమ్మ నాతో ముభావంగానే ఉంది. మూడో రోజు కాఫీ గ్లాసు చేతికిస్తూ, "పంటికైతే వద్దన్నాను. ఒళ్లు కాలి పడుంటే వద్దంటానా? పెట్టించు. కానీ అడిగే ఓపిక నాకుంటే మాత్రం అడిగి పెట్టించు" అంది.

ఇంతకీ నేను పదకొండేళ్లు ఆలోచించినా తెమలని సంగతిని ఆవిడ రెండు రోజుల్లో తేల్చేసింది.

మీరూ అడగండి

పళ్లు, చిగుళ్లు, ఎముకల ఆపరేషన్లకి వెళ్లేటప్పుడు ఈ నాలుగూ అడగడానికి మొహమాటపడకండి.

* లోపల పెట్టేది దేంతో చేసింది? పశువులు, పంది, చేప - కొలాజెన్ వీటిలో దేన్నుంచైనా రావచ్చు. 

* బదులుగా ఇంకేదైనా ఉందా? రక్తం ఆగడానికి సెల్యులోజ్ రకాలున్నాయి. ఎముక ఖాళీకి మన ఎముకే కొంత తీసి పెట్టడం, కృత్రిమ ఖనిజపు గుళికలు వాడటం ఉన్నాయి. మీ గాయానికి ఏది నప్పుతుందో డాక్టరే చెప్పాలి.

* మాంసం, చేపలు పడనివాళ్లు, అంటే ఎలర్జీ ఉన్నవాళ్లు, ఆ సంగతి ముందే చెప్పాలి. ఇది ఆచారం విషయం కాదు, ప్రాణం విషయం.

* ప్యాకెట్ మీ ముందే విప్పమనండి. గడువు తేదీ చూడండి. బ్యాచ్ నంబరున్న స్టిక్కరు మీ కాగితాలకి అంటించమనండి. విప్పి మిగిలిన ముక్కని ఇంకొకరికి వాడకూడదు.

అన్నట్టు, చాలా క్యాప్సూల్ తొడుగులు కూడా జెలటిన్‌వే అని అమ్మకి చెప్పేశాను, ఇక దాచడం ఎందుకని. "అయితే నేను రోజూ మింగేది?" అని ఓ క్షణం తెల్లబోయింది. ఇప్పుడు మందుల షాపుకి వెళ్లిన ప్రతిసారీ ఆ కుర్రాణ్ణి నిలబెట్టి ప్రశ్నలడుగుతోంది. ఎవరైనా "మీ అమ్మాయి ఏం చేస్తోంది?" అంటే మాత్రం, "ఎముకలకి పందిరి వేస్తుంది" అంటోందట.