కాంటెస్సాకి జ్వరం, బ్యాటరీకి నీరసం

అలిపిరి దాటి ఘాట్‌ రోడ్డెక్కి పది నిమిషాలు కూడా కాలేదు. తెల్లవారుజాము, ఇంకా చీకటే. టెంపరేచర్‌ ముల్లు ఎరుపు వైపు జరుగుతోంది. హెడ్‌లైట్లు చూస్తే చిమ్నీ దీపంలా పసుపు తిరిగాయి. పక్కకి ఆపేసరికి బానెట్‌ సందుల్లోంచి ఆవిరి. వెనక సీట్లో అవ్వ ‘గోవిందా గోవిందా’ అంటోంది. నాయన మాత్రం ఒకటే మాట: ‘‘ఇంక చాలు రా. పాత ఇనుమోడికి ఇచ్చేద్దాం.’’

బండి 1986 మోడల్‌ కాంటెస్సా. ఇన్‌స్టాలో దీన్ని ‘ఇండియన్‌ మజిల్‌ కార్‌’ అంటుంటారు కదా, అదే. పొడవాటి ముక్కు, వెడల్పాటి ఒళ్లు చూస్తే నిజమే అనిపిస్తుంది. ఇంగ్లండ్‌ వాక్స్‌హాల్‌ విక్టర్‌ డిజైన్‌ తెచ్చి హిందుస్థాన్‌ మోటార్స్‌ 1984లో దించింది. 2002 దాకా తయారుచేసింది. అసలు మజిల్‌ కారంటే 1964 పాంటియాక్‌ జీటీవో, 6.4 లీటర్ల వీ8 ఇంజిన్‌. మాదాంట్లో ఉండేది అంబాసిడర్‌ 1.5 లీటర్ల ఇంజిన్‌. ఇసుజు ఇంజిన్‌ తర్వాత మోడళ్లకి వచ్చింది. అంటే కండలన్నీ చొక్కాకే!

నాయన కోపంలోనూ న్యాయముంది. 2022 ఏప్రిల్‌లో పాత కార్ల రిజిస్ట్రేషన్‌ రెన్యువల్‌ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలైంది. దాని మీద ఈ రిపేర్లు. కానీ నన్ను మొదటిసారి స్కూల్లో దింపింది ఈ బండే. నెల రోజులు గడువు అడిగా.

అప్పటికే రెండు చోట్ల చూపించాం. రేడియేటర్‌ పని చేసేటాయన ‘‘మన ఎండలకి థర్మోస్టాట్‌ ఎందుకు సార్‌’’ అని అది పీకేశాడు. ఎలక్ట్రీషియన్‌ కొత్త బ్యాటరీ వేయించాడు. కరకంబాడి అమరరాజా ఫ్యాక్టరీ పక్క ఊరు మాది. బ్యాటరీ మీద సలహా ఇవ్వని మనిషి ఈ చుట్టుపక్కల దొరకడు. డబ్బులైపోయాయి, రెండు జబ్బులూ అట్లనే ఉన్నాయి.

ఆఫీసులో ఇలాంటివి చాలా చూశా. రెండు టీములకి రెండు టికెట్లు వెళ్తాయి, ఎవరిది వాళ్లు క్లోజ్‌ చేస్తారు, బగ్‌ మాత్రం అక్కడే ఉంటుంది. అందుకే ఇక పార్టులు మార్చడం ఆపి, ఎప్పుడెప్పుడు ఇబ్బంది పెడుతోందో ఫోన్లో రాయడం మొదలెట్టా. పగలు చిత్తూరు హైవేలో ఎంత ఎండైనా సమస్య లేదు. రాత్రి ఊళ్లో తిరిగితే లైట్లు కొంచెం డల్‌. చీకట్లో ఘాట్‌ ఎక్కితే రెండూ కలిసి వస్తాయి.

మల్టీమీటర్‌ తెచ్చి బ్యాటరీకి పెట్టా. ఇంజిన్‌ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు, అంటే ఫుల్‌ చార్జ్‌. ఇంజిన్‌ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. 14.1 చూపించింది. ఆల్టర్నేటర్‌ బాగానే ఉందన్నమాట. తర్వాత హెడ్‌లైట్లు వేసి యాక్సిలరేటర్‌ పెంచితే... 12.3! రేస్‌ చేస్తే పెరగాల్సింది తగ్గింది. కరెంటు ఎక్కువ లాగితే ఆల్టర్నేటర్‌ తిరగడానికి బరువవుతుంది. ఆ బరువుకి ఏదో జారిపోతోంది.

ఈ ఇంజిన్‌కి ముందు ఒకటే ఫ్యాన్‌ బెల్టు. వాటర్‌ పంపు, ఫ్యాను, ఆల్టర్నేటర్‌ మూడింటినీ అదే తిప్పుతుంది. బెల్టు జారితే చార్జింగూ పోతుంది, కూలింగూ పోతుంది. హైవేలో అయితే స్పీడుకి గాలి తగిలి రేడియేటర్‌ ఎలాగో నెట్టుకొస్తుంది. ఘాట్‌లో సెకండ్‌ గేర్‌, ఇంజిన్‌ మీద భారం, ఎదురుగాలి లేదు. అక్కడ ఫ్యానే దిక్కు. ఇక డ్యాష్‌బోర్డులో బ్యాటరీ లైటు ఎందుకు వెలగలేదంటారా? ఆల్టర్నేటర్‌ దాదాపు పూర్తిగా చేతులెత్తేస్తేనే అది వెలుగుతుంది. సగం సగం పనిచేస్తే దానికి పట్టదు.

బెల్టు లూజైందేమో అనుకున్నా. బొటనవేలితో మధ్యలో నొక్కితే అరంగుళం దాకా వంగాలి. మాది అంతకంటే బిగుతుగానే ఉంది! మరి ఎందుకు జారుతోంది? అక్కడే రెండు సాయంత్రాలు పోయాయి.

విప్పి చూస్తే గానీ తెలియలేదు. వీ బెల్టు పుల్లీ గాడిలో రెండు పక్కల గోడల్ని పట్టుకుని తిరగాలి. మాది కాస్త సన్నం, గాడి అడుగుకి దిగిపోయింది. పుల్లీ అడుగు అద్దంలా మెరుస్తోంది, అదే సాక్ష్యం. ఎప్పుడో ఎవరో పొడవు ఒక్కటే కొలిచి వేసుంటారు. ఇలాంటి బెల్టుని ఎంత బిగించినా పట్టు రాదు, వాటర్‌ పంపు బేరింగ్‌ మీదే దెబ్బ.

సరైన వెడల్పు బెల్టు ఖరీదు, మేం వేయించిన బ్యాటరీలో పదో వంతు కూడా లేదు. ఈ మాట నాయనకి నెమ్మదిగా చెప్పా.

దాంతోపాటు ఇంకో రెండు పనులు చేశా. థర్మోస్టాట్‌ మళ్లీ పెట్టించా. అది లేకపోతే ఇంజిన్‌ సరిగ్గా వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది. రేడియేటర్లో ఇన్నాళ్లూ పోసింది బోరు నీళ్లే, విప్పితే టీ డికాషన్‌ రంగులో వచ్చాయి. కడిగించి డిస్టిల్డ్‌ వాటర్‌, కూలెంట్‌ సగం సగం పోశా.

మీ ఇంట్లోనూ ఇలాంటి పాత బండి ఉంటే ఒకటి గుర్తుపెట్టుకోండి. బ్యాటరీ లైటు వెలిగి, వెంటనే ముల్లు కూడా పైకెక్కుతుంటే బెల్టు తెగినట్టే అనుకోండి. ‘ఇంకో మలుపు’ అనకుండా ఆపేయండి. వేడి మీద రేడియేటర్‌ మూత మాత్రం తీయొద్దు. అది ప్రెషర్‌ కుక్కర్‌ లాంటిది, లోపల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా కాచుకుని ఉంటాయి. మూత కదిపితే మొహం మీదికే వస్తాయి. అరగంట ఆగి, చల్లారాక గుడ్డ వేసి తీయండి.

పోయిన శుక్రవారం మళ్లీ అదే చీకట్లో బయల్దేరాం. మల్టీమీటర్‌ వైర్లు బానెట్‌ కింది నుంచి లోపలికి లాగి నాయన ఒళ్లో పెట్టా. లైట్లు వేసి ఎక్కుతుంటే 13.9. మలుపు మలుపుకీ ఆయనే పైకి చదివాడు. ముల్లు సగం దాటలేదు. అవ్వ ‘‘ఇంగా యాడుండాం?’’ అని లేచేసరికి తిరుమల వచ్చేసింది.

పాత ఇనుము ఊసు నాయన మళ్లీ ఎత్తలేదు. డిక్కీలో స్టెప్నీ పక్కన ఇంకో కొత్త బెల్టు కనిపించింది. కొన్నది నేను కాదు.