దాబా మీది బొగ్గుల గ్రిల్ తుప్పు పట్టిందా? జాలి మార్చే ముందు ఇది చదవండి

మన సైట్‌లో ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించే కదా మాట్లాడుకుంటాం. ఈసారి బ్యాటరీ, ఛార్జర్ ఏమీ లేని గ్యాడ్జెట్: బొగ్గులతో నడిచే బార్బెక్యూ గ్రిల్. ఆన్‌లైన్ సేల్స్ పుణ్యమా అని మా మోత్కూర్‌లో కూడా దాబాల మీద ఇవి కనిపిస్తున్నాయి. దసరాకో, ఎవరి బర్త్‌డేకో ఒక రాత్రి వాడతాం, తెల్లారి మర్చిపోతాం. నేనూ అంతే. వానాకాలం మొత్తం కవర్ కప్పి మూలకి నెట్టేశా. తీసి చూస్తే జాలి ఎర్రగా తుప్పు, అడుగున బూడిద సిమెంటులా గట్టిపడి ఉంది.

"ఏం గాదు మామా, హార్డ్‌వేర్ షాపుల జీఐ జాలి కోసుకొచ్చి ఏద్దాం" అన్నాడు మా దోస్తు. ఈ ఆర్టికల్ రాయడానికి అసలు కారణం ఆ మాటే.

జీఐ అంటే ఇనుము మీద జింక్ పూత. జింక్ సుమారు 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 907 దగ్గర మరుగుతుంది. బాగా రాజుకున్న బొగ్గులు 700 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడికి పూత పాడై, జింక్ పొగ వచ్చే ప్రమాదం ఉంది. ఆ పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు. జీఐ పైపులు వెల్డింగ్ చేసేవాళ్ళని అడగండి, ఈ జ్వరం సంగతి వాళ్ళకి బాగా తెలుసు. పైగా మనం చికెన్‌కి పట్టించేది నిమ్మరసం, పెరుగు. పులుపు తగిలితే జింక్ కరిగి ముక్కలోకే దిగుతుంది. కాబట్టి జీఐ జాలి వద్దే వద్దు. పాత ఫ్రిజ్‌లోని కమ్మీల అర కూడా వద్దు, దాని పూత ఏమిటో మనకి తెలియదు.

తుప్పు ఎందుకొచ్చింది?

వాన ఒక్కటే కాదు, అసలు దొంగ బూడిద. కట్టె బొగ్గు బూడిదలో పొటాషియం లవణాలు ఉంటాయి, అవి గాలిలోని తేమని లాగేసుకుంటాయి. అంటే అడుగు రేకు మీద రోజంతా తడిబట్ట పరిచినట్టే. నానమ్మలు గిన్నెలు తోమింది ఈ బూడిదతోనే కదా అంటారేమో. నిజమే, దాని క్షారం జిడ్డుని సబ్బులా మార్చేస్తుంది. కానీ వాళ్ళు తోమి కడిగేవాళ్ళు, నెలల తరబడి వదిలేయలేదు. అల్యూమినియం ట్రే అయితే తడి బూడిద ఇంకా త్వరగా తినేస్తుంది.

మీ జాలి ఏ మెటల్?

చౌక గ్రిల్స్‌లో ఎక్కువగా ఉండేది క్రోమ్ పూత వేసిన ఇనుప కమ్మీ. పూత పొలుసులుగా లేస్తుంటే రిపేర్ లేదు, మార్చేయండి. స్టెయిన్‌లెస్ అని అమ్మేదాంట్లో 304 గ్రేడ్ మంచిది, అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. మాగ్నెట్ అంటకపోతే 304 అనేస్తారు కొందరు. అది తప్పు. చౌక 202 గ్రేడ్‌కి కూడా మాగ్నెట్ పెద్దగా అంటదు. బిల్లు మీద గ్రేడ్ రాయించుకోవడమే దారి. కాస్ట్ ఐరన్ అయితే మీ అదృష్టం, ఎంత తుప్పు పట్టినా వెనక్కి తేవచ్చు.

నాది కాస్ట్ ఐరనే. వంట సోడా ముద్ద చేసి జిడ్డు వదిలించా, తుప్పుని సాండ్ పేపర్‌తో రుద్దా. మొండి మచ్చలకి చింతపండు గుజ్జు అరగంట పట్టించా, ఇత్తడి బిందెకి చేసినట్టే. కడిగాక గాలికి వదిలేయొద్దు. మన బోరు నీళ్ళకి తెల్ల చారలు కడతాయి, తడి ఉంటే గంటలో మళ్ళీ ఎర్రబడుతుంది. బట్టతో తుడిచి, పొయ్యి మీద వేడి చేసి, పల్లీ నూనె చాలా పల్చగా రాసి మళ్ళీ కాల్చాలి. రెండు మూడు సార్లు చేస్తే నూనె గట్టి నల్లటి పొరగా మారుతుంది. దోసె పెనం పదును పట్టడం అంటే ఇదే. నూనె ఎక్కువైతే మాత్రం జిగట మిగులుతుంది. ఇంకోటి, వేడి మీదున్న కాస్ట్ ఐరన్ మీద చల్లటి నీళ్ళు పోస్తే పగులుతుంది.

మూత లోపల నల్లగా పెచ్చులు ఊడుతుంటే పెయింట్ పోతోందని కంగారు పడొద్దు. చాలాసార్లు అది పేరుకున్న జిడ్డు మసి, గీకేస్తే సరి.

వైర్ బ్రష్ సంగతి

తీగ ఊడి జాలికి అతుక్కుంటే ముక్కతో పాటు గొంతులోకి పోతుంది. అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో 2011 మార్చి నుంచి 2012 జూన్ లోపు ఇలా ఆరుగురు ఆసుపత్రిలో చేరారని ఆ దేశపు సీడీసీ రిపోర్ట్ చేసింది. కొందరికి పేగులకే గాయమైంది. నేను ఉల్లిగడ్డని సగం కోసి, ఫోర్క్‌కి గుచ్చి, వేడి జాలి మీద రుద్దుతా. స్టెయిన్‌లెస్ జాలికి ఇనుప పీచు కూడా వద్దు, ఆ రజను ఇరుక్కుని అక్కడే తుప్పు మొదలవుతుంది. పచ్చ స్క్రబ్బర్ చాలు.

ఐఆర్ థర్మామీటర్ గన్ ఉన్నవాళ్ళకి ఒక మాట. మెరిసే స్టీల్ మీద అది అసలు కంటే చాలా తక్కువ చూపిస్తుంది. నల్లటి కాస్ట్ ఐరన్ మీద రీడింగ్ దాదాపు సరిగ్గా వస్తుంది, అక్కడే గురిపెట్టండి.

ఇక ప్రతి వాడకం తర్వాత బూడిద తీసేయండి, కానీ ఆ రాత్రే కాదు. లోపల నిప్పు మరుసటి రోజు వరకూ ఉండొచ్చు, ప్లాస్టిక్ డబ్బాలో పోస్తే అంటుకుంటుంది. మూత ఉన్న పాత నూనె రేకు డబ్బా ఒకటి పక్కన పెట్టుకోండి. నా గ్రిల్ జాలి దక్కింది గానీ, అడుగు రేకు బొక్క పడిపోయింది. కొత్తది వేయించడానికి మూడొందలు అయ్యింది.